ఫరో యెదుట ఒక లెక్క, మనుమల యెదుట ఒక లెక్క

పఠనీయ భాగము: ఆదికాండము 47:7–10, 48:1–20

యాకోబు తన జీవితకాలమును వెనుదిరిగి చూచి రెండు పర్యాయములు దాని లెక్క చెప్పెను. మొదటిది ఫరో యెదుట. రెండవది మనుమల యెదుట. రాజు వయస్సు అడిగినప్పుడు ఆయన 130 సంవత్సరముల వృద్ధుడు. తన దినములు కొద్దివనియు, దుఃఖముతో నిండినవనియు, పితరుల ఆయుష్కాలముతో సరితూగవనియు ఉత్తరమిచ్చెను. మరి 17 సంవత్సరములు గడచెను. ఆయన రోగియై మంచము పట్టియుండగా యోసేపు తన యిద్దరు కుమారులను వెంటబెట్టుకొని వచ్చెను. అప్పుడు అదే మనుష్యుడు అవే దినములను గూర్చి వేరొక సాక్ష్యము పలికెను. పుట్టిననాటినుండి దేవుడే తనకు కాపరియై యుండెననియు, కీడులన్నిటిలోనుండి తన్ను విడిపించెననియు ఒప్పుకొనెను.

జరిగిన సంగతులలో ఏదియు మారలేదు. ఏశావు కోపము, లాబాను వంచన, దీనా అవమానము, రక్తములో ముంచబడిన అంగీ, వీటిలో ఒక్కటియు చెరిపివేయబడలేదు. ఐగుప్తులో సుఖముగా గడచిన 17 సంవత్సరములే ఆయన మాటను మార్చెనని కొందరు తలంపవచ్చును. కాని ఫరో యెదుట నిలిచిన దినముననే ఆయనకు పోయిన కుమారుడు దొరికియుండెను. కరవుకాలములో ఆహారమును దొరికియుండెను. అయినను ఆయన నోట చేదు మాటయే వచ్చెను. కావున సుఖము ఒక్కటే మనుష్యుని లెక్కను మార్చజాలదు.

మరి మార్చినది ఏది? ఫరో యెదుట యాకోబు తన సంవత్సరములను గూర్చి మాటలాడెను. మనుమల యెదుట తన దేవుని గూర్చి మాటలాడెను. ఫిర్యాదుతో ఎవడును మనుమలను ఆశీర్వదింపలేడు. వారి తలలపై చేయి ఉంచవలసి వచ్చినప్పుడు ఆ ముసలివాడు తన బ్రదుకులో వారికి ఇయ్యదగినది ఏమున్నదని వెదకెను. వెదకగా దొరికినది దేవుని విశ్వాస్యత.

ఇచ్చట ఆయన వాడిన రెండు మాటలు గమనింపదగినవి. హెబ్రీ మూలములో మొదటి క్రియ గొఱ్ఱెలను మేపుటకు వాడబడునది. దేవుడు ఒక మనుష్యునికి కాపరియను తలంపు లేఖనములలో ఈ ముసలివాని నోటనే మొదట వినబడుచున్నది. ఆయన వృత్తిచే గొఱ్ఱెల కాపరి. పగటి యెండకును రాత్రి మంచుకును తాను క్షీణించితిననియు, నిద్ర తన కన్నులకు దూరమాయెననియు ఆయన పూర్వము లాబానుతో వాదించియుండెను. మంద నిద్రించునప్పుడు కాపరి మేలుకొనియుండునని ఎరిగినవాడే తనకొరకును ఒకడు మేలుకొనియుండెనని గ్రహింపగలడు. రెండవ మాట విడిపించుటను గూర్చినది. తన బంధువును అప్పునుండి, దాస్యమునుండి విమోచించు సమీప జ్ఞాతికి హెబ్రీయులు ఈ క్రియనుండియే పేరు పెట్టిరి. దేవుడు యాకోబును పరాయివానివలె కాక, రక్తసంబంధివలె విడిపించెను.

పరదేశములో పిల్లలను పెంచుకొనుచున్న తెలుగు కుటుంబములకు ఈ అధ్యాయము మిక్కిలి సమీపమైనది. తెలంగాణ జిల్లాలలో చేమగ్గము కూడు పెట్టలేకపోయినప్పుడు నేత కుటుంబములు అనేకములు షోలాపూరు, భివండీ, సూరత్ నగరములకు తరలిపోయినవి. సూరత్ జిల్లాలో పల్సానా తాలూకాకు చెందిన జోల్వా అట్టి మిల్లుల ప్రాంతము. అచ్చట కాపురమున్న ఒక తెలుగు క్రైస్తవ గృహమును ఊహించుకొనవచ్చును. సంవత్సరాంతపు రాత్రి. కుమారుడు రాత్రి పాళీకి వెళ్లెను. కోడలు పని ముగించుకొని పిల్లలను పండుకొనబెట్టుచున్నది. అవ్వ మంచముపై కూర్చుండి, గడచిన పండ్రెండు నెలలను ఒక్కొక్కటిగా లెక్కించుచున్నది.

సూరత్ నగరమునకు చరిత్రలో నిలిచిపోయిన సంవత్సరములు కలవు. 1994 సెప్టెంబరులో ప్లేగు భయముచే లక్షలాది జనులు ఆ పట్టణమును విడిచిపోయిరి. 2006 ఆగష్టులో తపతీ నది వరద దానిని ముంచివేసెను. 2020లో మహమ్మారి వలన మగ్గములు నిలిచిపోగా శ్రామికులు స్వస్థలములకు దారిపట్టిరి. అవ్వ లెక్కించుచున్న సంవత్సరము అట్టిది కాదు. అది ఏ గ్రంథములోను వ్రాయబడదు. అద్దె పెరిగెను. గిరాకి లేక మిల్లు కొన్ని వారములు మూతపడగా కిరాణా దుకాణములో అప్పు పడెను. స్వగ్రామమున చెల్లెలు మరణింపగా సమాధి కార్యక్రమమును సెల్ ఫోనులో చూడవలసి వచ్చెను. కుమారునికిని కోడలికిని మాటపట్టింపు కలిగి ఇల్లు పదిదినములు మౌనముగా నుండెను. మనుమడు ఆమెను నాయనమ్మా అని పిలుచుట మాని దాదీ అని పిలువసాగెను.

యోబు తన దినముల వేగమును నేతగాని నాడెతో పోల్చెను. నేత కుటుంబపు అవ్వకు ఆ పోలికను ఎవరును వివరింపనక్కరలేదు. జోల్వాకు చుట్టుప్రక్కల నీటి జోరుతో పేకను త్రోయు మగ్గములు నేడు నాడె లేకయే నడచుచున్నవి. దినములు మరింత వడిగా పోవుచున్నట్లు తోచును. ఆమె ఫరో యెదుటి లెక్కను చెప్పగోరినయెడల కావలసిన ఆధారములన్నియు ఆమె చేతనున్నవి. ఆ లెక్కలో అబద్ధమును ఉండదు. అయితే ఉదయమున లేచి ఆ మాటలు వినవలసినది ఫరో కాదు, ఏడేండ్ల బాలుడు.

వృద్ధాప్యములో సంవత్సరపు జ్ఞాపకము స్వంత సొత్తు కాదు. అవ్వ దేనిని మరల మరల చెప్పునో దానినే ఆ గృహము తన చరిత్రయని నమ్మును. ఊరు విడిచి వచ్చి చెడిపోతిమి అను మాటయే ప్రతిదినము వినిన పిల్లవాడు, దేవుడు ఊరిలోనే నిలిచిపోయెనని తలంచును. మిల్లు మూసిన దినములలో దుకాణదారుడు వాకిట నిలిచి అడుగలేదనియు, పొరుగు గుజరాతీ తల్లి పిలువకుండగనే కూరగిన్నె తెచ్చి యిచ్చెననియు, ఆ పదిదినముల మౌనమును పసిబిడ్డ జ్వరము కరిగించెననియు వినిన పిల్లవాడు, కాపరి జోల్వాలోను మేలుకొనియున్నాడని నేర్చుకొనును.

ఇది దుఃఖమును దాచుట కాదు. ఆశీర్వదించుటకు ముందుగా యాకోబు రాహేలు మరణమును పేర్కొనెను. ఎఫ్రాతా మార్గమున తానే ఆమెను పాతిపెట్టితినని చెప్పెను. ఆ గాయము మానలేదు. కాని ఆ గాయమును చెప్పిన నోటనే ఆశీర్వాదమును వచ్చెను. చెల్లెలి కొరకు కన్నీరు కార్చిన అవ్వ స్తుతించుటకు తగనిదికాదు. ఆ కన్నీటిని మనుమడు చూడవచ్చును. ఆ కన్నీటితో ఆమె ఎవరియొద్దకు పోవుచున్నదో అదియును చూడవలెను.

భాషను గూర్చిన భయమునకు కూడ ఇచ్చట ఉత్తరము కలదు. ఎఫ్రాయిము, మనష్షే ఐగుప్తులో, ఓను యాజకుని కుమార్తెకు పుట్టినవారు. తండ్రియింటిని దేవుడు తాను మరచునట్లు చేసెనను భావముతో యోసేపు పెద్దవానికి పేరు పెట్టెను. మరపు పేరు ధరించిన ఆ పిల్లవానిని తాత దగ్గరకు తీసి, కౌగిలించి, రూబేను షిమ్యోనులవలె తనవాడేయని చెప్పెను. మాటతీరును బట్టియో వేషమును బట్టియో త్రోసివేయలేదు. మందగించిన కన్నులతో వీరెవరని అడిగి తెలిసికొనెను. మనుమల లోకమును అడిగి తెలిసికొనుట పెద్దవారికి అవమానము కాదు.

లండను మిషనరీ సంఘపు సేవకులైన జార్జి క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ 1805లో విశాఖపట్టణము చేరిరి. పది సంవత్సరముల పిమ్మట, 1815లో, అదే సంఘమువారు సూరత్‌లో సేవ ప్రారంభించిరి. స్కిన్నర్, ఫైవీ అనువారు అచ్చట బైబిలును గుజరాతీలోనికి తర్జుమా చేసిరి. కాబట్టి మనుమడు మాటలాడు భాష దేవునికి పరాయిది కాదు. డెస్‌గ్రాంజెస్ తర్జుమా చేసిన తెలుగు సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చుపడినవి. ఆయన 1810లోనే మృతినొందెను. తాను చూడని చదువరుల కొరకు ఆయన పాటుపడెను. అవ్వ సాక్ష్యమును అట్టిదే. అది ఏ భాషలో ఫలించునో ఆమె చూడకపోవచ్చును. అయినను ఆమె చెప్పనియెడల ఏ భాషలోనికిని అది పోదు.

ఒక హెచ్చరికయు కలదు. యాకోబు చేతులను మార్చి చిన్నవాని తలపై కుడిచేయి ఉంచెను. అది యోసేపునకు రుచింపలేదు. ఆశీర్వాదము మనుష్యుల ఏర్పాటునకు లోబడదు. మనుమడు ఊరికి తిరిగి రావలెననియు, ఫలానా చదువే చదువవలెననియు ఆశీర్వాదమునకు షరతులు కట్టుట తగదు. యాకోబు వారిని దేవునికి అప్పగించెను.

మనుమలు లేని వృద్ధులు సంఘములో కలరు. వృద్ధులు దగ్గర లేని పిల్లలును కలరు. సంఘము వారిని ఒకరియొద్దకు ఒకరిని చేర్చవలెను. విశ్వాసముచేత యాకోబు తన చేతికఱ్ఱ మొదలుమీద ఆనుకొని దేవునికి నమస్కరించెనని హెబ్రీ పత్రిక జ్ఞాపకము చేయుచున్నది. ఒకప్పుడు చేతికఱ్ఱతో మాత్రమే యొర్దాను దాటినవాడు కడవరకును ఆనుకొనవలసినవాడుగనే యుండెను. సంవత్సరము ముగియకమునుపు పెద్దవారు ఒక చేతితో కఱ్ఱ పట్టుకొని, రెండవ చేతిని ఒక పసివాని తలపై ఉంచుదురుగాక.

ప్రార్థన: మందను కాయు దేవా, పరదేశములలో నివసించు వృద్ధులను జ్ఞాపకము చేసికొనుము. వారి దుఃఖములను నీ యెదుట దాచకుండ చెప్పుకొను ధైర్యమును, వారి మనుమల యెదుట నీ నామమును చెప్పు నోటిని వారికి దయచేయుము. రాత్రి పాళీలలో పనిచేయు వారి కుమారులను కాపాడుము. పిల్లలు ఏ భాషలో పిలిచినను ఆలకించుము. మంచి కాపరియైన యేసుక్రీస్తు నామమున. ఆమేన్.