కొత్త బండి, పాత జవాబు

నిమ్మకాయలు తొక్కించి, హ్యాండిలుకు పూలదండ వేసి ఇంటికి తెచ్చుకొన్న కొత్త స్కూటరు నెల తిరుగకముందే నడివీధిలో మొరాయించగా, ఎండలో తోసికొనిపోయిన యజమానితో, కొన్ననాడు కూల్‌డ్రింకిచ్చి కూర్చుండబెట్టిన షోరూమువారే "పార్టు రావాలండీ, రేపు కనుక్కోండి" అని తలయైన నెత్తక పలికినప్పుడు కలుగు ఖేదము ఇంతింత యనరానిది.

అట్టియెడ కంఠము పెంచుటకన్న కాగితములు కూడబెట్టుట మేలని నా యభిప్రాయము. బండి అప్పగించిన ప్రతిసారియు జాబ్‌కార్డు పుచ్చుకొనవలెను. అందులో "జనరల్ చెకప్" అని వ్రాసి సరిపుచ్చుట సర్వీసువారికి పరిపాటి గనుక, "ఫ్లైఓవరు ఎక్కునప్పుడు ఇంజను ఆగుచున్నది" అని మన మాటలలోనే, తిరిగిన కిలోమీటర్ల అంకెతో సహా వ్రాయించవలెను. వారు విసుగుకొందురు, కొననిండు. ఒకే లోపము మరల మరల తలయెత్తినదని రుజువు చేయునవి ఆ చీటీలే.

జాతీయ వినియోగదారుల సహాయవాణియగు 1915కు ఫోను చేసినను పని జరుగనిచో, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ననుసరించి, వ్యాజ్యకారణము కలిగిన రెండేండ్లలోగా, మనము నివసించు జిల్లా కమిషనులోనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చును. 5 లక్షల రూపాయల వరకు వెలగల వస్తువునకు రుసుము లేదు, న్యాయవాదియు తప్పనిసరి కాదు. డీలరు కంపెనీ మీదను, కంపెనీ డీలరు మీదను నెపము త్రోయుట తెలిసినదే గనుక ఇరువురిని ప్రతివాదులుగా చేర్చవలెను.