గుట్టు ఇంటిదా, మనిషిదా?

ప్రైవసీకి తెలుగులో సరైన మాట లేదని తరచూ అనుకుంటూ ఉంటాం. 'గోప్యత' అని రాస్తున్నాం గానీ అది పత్రికల్లో కనిపించే మాట, ఇళ్ళల్లో ఎవరూ అనరు. వెతికితే మనకున్నవి గుట్టు, చాటు, మరుగు. గుట్టు ఇంటిది. దాన్ని కాపాడే పని మాత్రం ఆడవాళ్ళది. చాటు ఎప్పుడూ ఎవరిదో ఒకరిది: తల్లి చాటు, మొగుడి చాటు. మరుగు చివరికి మరుగుదొడ్డిలో మిగిలింది. ఏకాంతం అనే మంచి మాట ఒకటుంది. తిరుమలలో స్వామివారికి ప్రతి రాత్రీ ఏకాంత సేవ జరుగుతుంది, ఎవరూ తప్పు పట్టరు. అదే ఒక ఆడమనిషి నాకు ఏకాంతం కావాలంటే "ఎందుకు?" అంటారు.

ఆ 'ఎందుకు'ని అడిగే హక్కు తనకి బాగా ఉందనుకునే మనిషి ఇంటి ఓనరు. నల్లకుంట, విద్యానగర్, రాంనగర్ సందుల్లో టులెట్ బోర్డులు చూసుకుంటూ తిరిగిన ఒంటరి ఆడవాళ్ళకి ఆ ప్రశ్నల వరస కంఠతా వచ్చి ఉంటుంది. ఏం చేస్తారు, సారు ఎక్కడుంటారు, లేకపోతే ఎందుకు లేరు, ఎవరెవరు వస్తుంటారు, నీసు వండుతారా. కులం ప్రశ్న ఒక్కోసారి నేరుగా వస్తుంది, ఒక్కోసారి ఇంటిపేరూ ఊరూ చుట్టి వస్తుంది. నా దళిత, ముస్లిం స్నేహితురాళ్ళలో చాలామంది నేను రాయబోయే ఈ బాధ దాకా రానేలేదు. వాళ్ళకి గేటు దగ్గరే "ఇప్పుడే వేరేవాళ్ళకి మాటిచ్చేశామండీ" అని అయిపోతుంది. నిఘా మీద ఫిర్యాదు చెయ్యాలన్నా ముందు ఇల్లు దొరకాలి.

నాకు దొరికింది. మొదటి అంతస్తులో రెండు పోర్షన్లు. ఒకటి నాది, ఎదురుగా ఒక జంట. కింద ఓనరు ఆంటీ ఒక్కరే ఉంటారు. భర్త పోయారు. ఫ్యామిలీ పెన్షనూ మా రెండు పోర్షన్ల అద్దే ఆవిడ ఆధారం. ఆవిడ చెడ్డమనిషి అయి ఉంటే ఈ వ్యాసం అక్కర్లేదు, ఇల్లు మారితే సరిపోయేది. ఆవకాయ పెట్టిన రోజు మొదటి గిన్నె నాకే వస్తుంది. నా తలుపు రెండో తాళంచెవి ఆవిడ దగ్గర ఉంటుంది. నేను కాలేజీకి వెళ్ళాక కుళాయి కట్టేశానో లేదో అని ఒకసారి, వాన జల్లు కొడుతోందని ఒకసారి తలుపు తీసి చూస్తారు. ఒక సాయంత్రం వచ్చేసరికి పొద్దున సింకులో వదిలేసిన గిన్నెలు తోమి బోర్లించి ఉన్నాయి. దాని మీద ఏ మాటతో పోట్లాడాలో నాకు తెలియలేదు. వర్జీనియా ఊల్ఫ్ 1929లో స్త్రీకి సొంత గదీ ఏడాదికి 500 పౌన్లూ కావాలన్నప్పుడు ఆ గదికి తాళం కూడా ఉండాలంది. రెండో తాళంచెవి మాట ఊల్ఫ్‌కి తట్టినట్టు లేదు. ఆమెకి ఓనరు ఆంటీ లేరు మరి.

రెండేళ్ళ క్రితం డాలస్ నుంచి వచ్చిన ఆవిడ కొడుకు గేటు దగ్గరొకటి, మెట్ల మలుపులో ఒకటి సీసీ కెమెరాలు పెట్టించి వెళ్ళాడు. మెట్ల కెమెరాలో రెండు పోర్షన్ల తలుపులూ పడతాయి. మనకి రాత్రయితే అతనికి ఆఫీసు వేళ. ఫోన్లో చూస్తాడు, తల్లికి ఫోన్ చేస్తాడు, పొద్దున్నే ఆవిడ నన్ను అడుగుతారు. "ఏమ్మా, నిన్న పది దాటాక ఎవరో అబ్బాయి దిగాడట, చిన్నబాబు చెప్పాడు." ఆ అబ్బాయి థీసిస్ అధ్యాయం తెచ్చిన విద్యార్థి. చెప్పాను. ఆవిడ నమ్మారు కూడా. అయినా ఆ తర్వాత ఒక సంగతి గమనించాను. ఎవరైనా మగవాళ్ళు వచ్చి వెళ్తుంటే తలుపు దగ్గర నిలబడి "సరే నాయనా, మిగతా అధ్యాయం సోమవారానికి" అని మామూలుకంటే గట్టిగా అంటున్నాను. ఆ కెమెరాకి చెవులున్నాయో లేదో కూడా నాకు తెలియదు.

దాచడానికేమీ లేనప్పుడు చూస్తే నష్టమేమిటి అంటారు. మనలో చదువుకున్నవాళ్ళూ అంటారు. నష్టం చూడబడిన దాంట్లో లేదు. నా గడపలో నేను నాటకం వెయ్యడం మొదలుపెట్టాను, అదీ నష్టం. ఎవరూ ఏ తప్పూ మోపలేదు, అయినా సంజాయిషీ ముందే సిద్ధమై కూర్చుంది. చూసేవాడి ఉద్దేశం మంచిదైనా చెడ్డదైనా ఈ లెక్క మారదు. బాత్రూములో రహస్యంగా కెమెరా పెట్టేవాడికి 2013 నుంచి చట్టంలో శిక్ష ఉంది. బాహాటంగా, ప్రేమగా, మెట్ల మీద పెట్టినదాన్ని ఏమనాలో మాత్రం చట్టానికీ మనకీ ఇంకా స్పష్టత లేదు.

ఆవిడా ఆ కెమెరా కిందే ఉన్నారు, అది మర్చిపోకూడదు. "అమ్మా, ఇంకా వాకిట్లోనే ఉన్నావేం, మందు వేసుకున్నావా" అని అతను అడగడం చాలాసార్లు విన్నాను. పాస్‌వర్డ్ అతని దగ్గరే ఉంది. కెమెరాని కాస్త పక్కకి తిప్పించండి ఆంటీ అంటే "నాకు దాని సంగతేం తెలుసమ్మా, వాణ్ణే అడగాలి" అన్నారు. పైగా మా ఇంట్లోకి ఎవరొచ్చినా వీధి మొత్తం అడిగేది ఆవిడనే. మొగుడు లేని ఆవిడ ఇంట్లో మొగుడు లేని అద్దెమనిషి. ఓనరమ్మల కాపలాలో సగం వాళ్ళ మీదున్న కాపలాకి చెల్లిస్తున్న కప్పమే అనిపిస్తుంది నాకు.

ఇక స్త్రీవాదులుగా మనకున్న చిక్కు. నాలుగ్గోడల మధ్య సంగతి అనే మాట ఎన్ని దెబ్బల్ని దాచిందో చెబుతూనే మన ఉద్యమం మొదలైంది. కాథరిన్ మెకినాన్ ప్రైవసీని గట్టిగా అనుమానించింది ఇందుకే. 2017 ఆగస్టు 24న గోప్యత ప్రాథమిక హక్కని చెప్పిన పుట్టస్వామి తీర్పులో జస్టిస్ చంద్రచూడ్ ఆ విమర్శని ఎత్తుకుని చర్చించారు కూడా. తలుపులు తెరవమని ఇన్నేళ్ళు అడిగినవాళ్ళం, ఇప్పుడు మూసుకుంటామంటే ఎలా?

ఇక్కడ నాకు దారి చూపింది మన హైకోర్టు పాత తీర్పొకటి. కాపురానికి రావాలని భార్యని కోర్టు ద్వారా ఆదేశింపజేసే హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్‌ని, సరిత కేసులో 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి కొట్టేశారు. ఆమె శరీరం మీదా, తల్లి కావాలా వద్దా అన్నదాని మీదా నిర్ణయం ఆమెదన్నారు. ఆ తర్వాత ఢిల్లీ హైకోర్టు రాజ్యాంగాన్ని కాపురంలోకి తేకూడదంది, సుప్రీంకోర్టు కూడా 9వ సెక్షన్‌నే నిలబెట్టింది. ఆ ఓడిపోయిన తీర్పులో గోప్యత కాపురానిది కాదు, కాపురంలో ఉన్న ఆడమనిషిది. మనం తలుపు తెరవమన్నది ఇంటి గుట్టుని. మూసుకుంటామంటున్నది మనిషి ఏకాంతాన్ని. రెండింటికీ ఒకే తలుపు ఉండటం వల్ల వచ్చింది ఈ తికమక.

ఇది నాకు పుస్తకాల్లో తేలలేదు. ఎదురు పోర్షనులో రాత్రిళ్ళు దెబ్బలు వినిపించేవి. (ఆమెని అడిగి, కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను.) నా విద్యార్థి దిగిన నిమిషం కూడా తెలిసిన ఇంట్లో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. నేను ఎత్తితే ఆంటీ "అది మొగుడూ పెళ్ళాల విషయం, మనకెందుకమ్మా" అన్నారు. నా విషయం ఇంటి పరువు, వాళ్ళ విషయం వాళ్ళ గుట్టు. ఒక రాత్రి అతను ఆమెని బయటికి నెట్టి తలుపేసుకున్నాడు. నేను తలుపు తీసి లోపలికి తీసుకొచ్చాను. తెల్లారేదాకా ఇద్దరం కూర్చున్నాం. డాలస్ నుంచి మర్నాడు వచ్చిన ప్రశ్న: "పైన అర్ధరాత్రి ఏంటి గొడవ?"

గృహహింస చట్టం కింద ఆమె కేసు వెయ్యాలనుకున్నప్పుడు నేనే వెళ్ళి ఆ రాత్రి రికార్డింగు అడిగాను. 2005 నాటి ఆ చట్టం అద్దె ఇంటిని కూడా ఆమె ఇల్లుగానే లెక్కేస్తుంది, హింస గురించి ఎవరైనా సమాచారం ఇవ్వొచ్చంటుంది. ఆంటీ అడుగుతానన్నారు. కొడుకు చూస్తానన్నాడు. మూడు వారాలయ్యాక పాత రికార్డింగు 15 రోజులకి దానంతటదే చెరిగిపోతుందని చెప్పాడు. అబద్ధమని అనలేను. కెమెరా వద్దన్నవాళ్ళే రికార్డింగు కావాలంటారేం అని కూడా అడిగాడు.

ప్రశ్న సూటిగానే ఉంది. జవాబు వెంటనే తట్టలేదు గానీ ఉంది. ఆ దృశ్యంలో ఉన్న దెబ్బ ఆమెది. చూపించమనేది ఆమె. నా తలుపు ముందు దృశ్యంలో ఉన్న రాకపోకలు నావి, వద్దనేది నేను. రెండూ ఒకే హక్కు. నా బతుకు కథ ఎవరికి, ఎప్పుడు చెప్పాలో నిర్ణయించేది నేనే అన్న హక్కు. అది డాలస్‌లో ఒక ఫోన్లో తాళం వేసి ఉంది.

చట్టాల్లో దీనికి చోటు వెతికాను. మన 1960 నాటి అద్దె నియంత్రణ చట్టంలో అద్దె సంగతీ, ఖాళీ చేయించడం సంగతీ, ఇరుగుపొరుగుకి ఇబ్బందయ్యేలా ప్రవర్తిస్తే పంపించొచ్చన్న సంగతీ ఉన్నాయి. ఓనరు చూపు ఇబ్బంది కావచ్చన్న ఊహ ఆ కాలానికి లేదు. 2021లో కేంద్రం రాష్ట్రాలకి పంపిన నమూనా చట్టం, ఓనరు లోపలికి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలంటుంది. అది నమూనా మాత్రమే. 2023 డేటా రక్షణ చట్టం ఒక వ్యక్తి సొంత, ఇంటి అవసరాలకి చేసుకునేదాన్ని వదిలేసింది. నా గడప ఎవరి ఇంటి అవసరం?

రిజిస్ట్రేషన్ గొడవ లేకుండా అందరిలాగే మాదీ 11 నెలల అగ్రిమెంటు. వచ్చే నెలతో అయిపోతుంది. ఎదురు పోర్షను ఖాళీగా ఉంది, ఆమె ఇప్పుడు అక్క దగ్గర ఉంటోంది. ఈసారి నేను మూడు వాక్యాలు కలిపి ఇచ్చాను. మెట్ల కెమెరా తలుపుల వైపు ఉండకూడదు. రెండో తాళంచెవి వాడే ముందు నాకు ఫోన్ చెయ్యాలి. రికార్డింగులో ఉన్న మనిషి అడిగితే ఇవ్వాలి. ఆంటీ కళ్ళద్దాలు పెట్టుకుని నిదానంగా చదివారు. మూడోది రెండుసార్లు చదివారు. "ఇందులో నేనూ ఉంటానుగా? నేనడిగినా ఇవ్వాలా వాడు?" అన్నారు. ఇవ్వాలన్నాను. కాగితం మడిచి పోపుల డబ్బా కింద పెట్టారు. ఇంకా సంతకం కాలేదు.