ఏ మనిషి కేంద్రంగా?

యూనివర్సిటీలో డిజైన్ చదువు ఇప్పుడొక మంత్రం నేర్పుతున్నది. వస్తువు కాదు, మనిషి కేంద్రం. వాడేవాడి కష్టం తెలుసుకో, సమస్య తేల్చుకో, ఉపాయాలు ఆలోచించు, నమూనా చెయ్యి, వాడించి చూసి సరిదిద్దు. మంచి మాటే. నేనూ ఆ చదువే చదివిన. కాని మాదిగవాడ నుంచి వచ్చినోడికి మొదటి అడుగులోనే ముల్లు గుచ్చుకుంటది: ఏ మనిషి?

మా తాత మోట బొక్కెనకు తోలు తొండం కుట్టేటోడు. బొక్కెన పైకొచ్చేదాకా తొండం మడిచి ఉండి నీళ్ళు ఆపాలె. ఒడ్డుకు రాంగనే తనంతట తానే కాలువలోకి కుమ్మరించాలె. ఎడ్లు ఎంత బరువు లాగుతయో, నానిన తోలు ఎన్నాళ్ళు ఆగుతదో ఆయనకు ఎరుకే. ఏ పుస్తకంలోనూ ఆయన డిజైనర్ కాదు. తాను కుట్టిచ్చిన చెప్పులు దొర తొడుక్కుంటే, తన చెప్పులు చేతబట్టుకుని నిలబడ్డోడు. ఇప్పుడు క్లాసులో, ఎదుటోడి చెప్పుల్లో కాలుపెట్టి చూడమని ఇంగ్లీషు సామెత చెప్తరు.

1958లో చార్ల్స్, రే ఈమ్స్ దంపతులు భారత ప్రభుత్వానికి ఒక నివేదిక రాసిన్రు. అందులో చెంబును ఎంతో మెచ్చుకున్నరు. ఎన్ని నీళ్ళు పట్టాలె, చేతికి ఎట్ల అమరాలె, నెత్తిన మోస్తరా చంకన మోస్తరా, ఖర్చెంత అని ప్రశ్నలేసిన్రు. ఆ నివేదిక వెంట 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ వచ్చింది. ఆ చెంబును ఎవరు ముట్టుకోవద్దు అన్న ప్రశ్న మాత్రం ఆ పట్టికలో లేదు. మా అవ్వకు చెంబంటే పైనుంచి దోసిట్లో పడే ధార.

ఒకసారి మా తరగతికి, మురుగు కాలువలు సాఫ్ చేసే కార్మికులకు మేలైన చేతితొడుగు తయారుచెయ్యమని పనిచ్చిన్రు. అందరూ బస్తీకి పోయి ఫొటోలు తెచ్చిన్రు. గోడ నిండా చీటీలు: జారుడు, దురద, వాసన. నేను ‘కులం’ అని రాసి అంటిస్తే, అది డిజైన్ సమస్య కాదన్నరు.

మరి తొడుగు వద్దా? ఇది తేలిక ప్రశ్న కాదు. రేపు పొద్దున దిగేటోడికి ఇయ్యాలే తొడుగు కావాలె. నా సిద్ధాంతం కోసం ఆయన చెయ్యి కోసుకోవాల్నా? కాని 2013 చట్టం చూడండి. రక్షణ సరంజామా ఇయ్యకుండా మనిషిని మురుగు గుంతలోకి దింపితే నేరం అంటది. ఇస్తే దింపొచ్చన్న సందు అందులోనే ఉన్నది. తొడుగు ఎంత బాగుంటే ఆ సందు అంత వెడల్పయితది. 2017లో హైదరాబాదు జలమండలి ఇరుకు గల్లీల్లో తిరిగే చిన్న జెట్టింగు మిషన్లు తెచ్చింది. కాబట్టి మనకు తెలివి కొరత లేదు.

తొడుగు ఇయ్యాల్సిందే. దాన్ని పరిష్కారం అనొద్దు. ఎదుటోడి కష్టం తెలుసుకునుడు వేరు, ఆ కష్టం మీద ఎవరు సుఖంగా బతుకుతున్నరో తెలుసుకునుడు వేరు. ఏది సమస్యో తేల్చే దగ్గరే ఆ కార్మికుణ్ణి కూసోబెట్టాలె. అడిగితే ఆయన తొడుగు గురించి ఒక మాట చెప్తడు. నా కొడుకు ఇందులో దిగొద్దని ఇంకో మాట చెప్తడు. మొదటి మాటకు మార్కులున్నయి. రెండో మాటకు కూడా జవాబు చెప్పే చదువు కావాలె, తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా.