ఎవరి వాక్యాన్ని దిద్దుతున్నాం?

"కాలేజీ పిల్లలకు రాయడం రావట్లేదు" అని లెక్చరర్లూ అంటారు, మా ఆఫీసులో ఇంటర్వ్యూలు చేసేవాళ్ళూ అంటారు. మందుగా వ్యాకరణం, పదజాలం, నమూనా వ్యాసాలు సూచిస్తారు. అవన్నీ అవసరమే. కానీ ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఒకరి వాక్యాన్ని దిద్దే హక్కు మనకెంతవరకు ఉంది?

కల్వకుర్తిలో డిగ్రీ చదివే అమ్మాయి "మా నాయిన బొంబైకి బతకపోయిండు" అని రాసిందనుకుందాం. ఎర్ర పెన్ను దాన్ని "మా తండ్రిగారు ఉపాధి నిమిత్తం ముంబైకి వలస వెళ్ళారు" అని మారుస్తుంది. చూడ్డానికి బానే ఉంది. కానీ వలస పక్షులూ వెళ్తాయి. "బతకపోవడం"లో ఉన్న ఊళ్ళో బతుకు సాగలేదన్న సంగతి ఉంది, పాలమూరు కరువు ఉంది. యాసతో పాటు ఒక సాక్ష్యం కూడా కొట్టివేతకు గురైంది.

ఈ తగువు పాతదే. ఇంటర్మీడియట్ విద్యార్థులు ఏ తెలుగులో వ్యాసాలు రాయాలని మద్రాసు విశ్వవిద్యాలయం చర్చించినప్పుడు, గురజాడ 1914లో అసమ్మతి పత్రం రాసి వాడుక భాష పక్షాన నిలబడ్డాడు. గెలిచిన ఆ వాడుక భాష కూడా తర్వాత కొన్ని జిల్లాల చదువుకున్నవాళ్ళ వాడుకగానే స్థిరపడింది. ఇటు గద్వాల ప్రాంతంలో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి, తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మందితో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చాడు. "వాళ్ళకు రాయడం రాదు" అనే తీర్పు వెనక చాలాసార్లు "మేం చదవలేదు" అన్నదే ఉంటుంది.

అలాగని ఏదీ దిద్దకూడదా? అదీ అన్యాయమే. ఉద్యోగ దరఖాస్తులో "పోయిండు" చెల్లదు. ప్రామాణిక భాష నేర్పకుండా "మీ యాస గొప్పది" అని మెచ్చుకుని పంపేయడం నగరంలో స్థిరపడ్డ మనలాంటివాళ్ళ చవక ఔదార్యం. పైగా యాసలో రాసినంత మాత్రాన వాక్యం నిజమైపోదు. అదే అమ్మాయి "అందరు శాన కష్టపడ్డరు" అని రాస్తే అక్కడ ఆపి అడగాలి: అందరూ అంటే ఎవరెవరు? ఏం పని? ఎన్నేళ్ళు?

ఒకరి కోడ్ ఇంకొకరు రివ్యూ చేసేటప్పుడు "నేనైతే ఇలా రాయను", "ఇది పనిచేయదు" అనే రెండూ వేరని మాకు తెలుసు. మొదటిది అభిరుచి, రెండోది తప్పు. రచన దగ్గరకొచ్చేసరికి రెంటికీ ఒకే ఎర్ర పెన్ను వాడతాం.

ప్రామాణిక తెలుగును ఉన్నదానికి తోడుగా నేర్పొచ్చు. "ఇది తప్పు" అనే బదులు "పరీక్షలో ఇలా రాయాలి" అంటే చాలు. తన నోటి మాటే తప్పని నమ్మిన విద్యార్థి ఆ తర్వాత ఎవరి వాక్యాన్నైనా తెచ్చుకుంటుంది, గైడులోదో చాట్‌జీపీటీదో. ఆ వాక్యాల్లో తప్పులుండవు. వాళ్ళ నాయినా ఉండడు.