వెనక్కొచ్చిన పిల్లలు

కప్పు పట్టుకున్న కుర్రాడి బొమ్మ పేపర్లో పడితే మురిసిపోతాం. వాడితోపాటే ఆడి, పెద్ద జట్టులో చోటు దక్కక ఇంటికొచ్చినవాణ్ణి మాత్రం "ఆటలాడి చెడిపోయాడు" అనేస్తాం. పదిమందీ ఎదురు నిలిచి ఆడితేనే కదండీ, ఆ ఒక్కడూ తేలింది! మరి ఈ తొమ్మండుగురికీ మనం ఏమీ బాకీ లేమా?

1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాదు పోలీసు జట్టులో ఈ బెంగ తక్కువ. బడిపంతులుగా పనిచేసిన రహీం సాబు వాళ్లకు ఆట నేర్పాడు. పోలీసు శాఖ కొలువిచ్చింది. ఆటగాడికి ఆటతోపాటు జీతమూ ఉండేది.

ఇప్పుడో? 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది. పిల్లలు మెట్లెక్కుతుండగానే మేడ ఊరు విడిచిందన్నమాట! ఇంగ్లండులో మేడలు అంత తేలిగ్గా కదలవు గానీ, ఎనిమిదేళ్లకే చేర్చుకున్న పిల్లల్లో చాలామందిని పద్దెనిమిది నిండేలోగా ఇంటికి పంపేస్తారు.

మా మక్తల్‌లో పక్కింటావిడ కొడుకుని నాలుగో తరగతికే హకీంపేట క్రీడా పాఠశాలకు పంపాలనుకుంటోంది. "అక్కా, ఆట అన్నం పెడుతదా?" అంది.

పంపమనే చెప్పాను. అయితే అక్కడ గెలిచినవాళ్ల పేర్లు అడగొద్దన్నాను. ఆట మానేసిన పిల్లలు ఇప్పుడేం చేస్తున్నారో అడిగి రమ్మన్నాను.