మిత్రుని రహస్యము - మిత్రధర్మము

మరణించిన మిత్రుని మనము స్మరించుట ఎవరి కొఱకు? ఆతని కొఱకా, మన కొఱకా? ఈ ప్రశ్న చూచుటకు చిన్నది. అయినను ముప్పది సంవత్సరములకు పైగా దీనికి సరియైన సమాధానము చెప్పలేక తప్పించుకొని తిరిగితిని. ఇప్పుడు నాకు ఏబది దాటినవి. పిల్లలకు నీతిపద్యములు బోధించి జీవించువాడను. బోధించువాని బ్రతుకులో దాగియున్న లెక్కను ఒకసారి బయట పెట్టుట ధర్మమని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఉపాధ్యాయ వృత్తికి రాకముందు నేను సైన్యములో పనిచేసితిని. 1988లో పదునెనిమిదవ యేట చేరితిని. మా దళములో తెలుగువారము ఇద్దరమే. ఆతడు అనంతపురం జిల్లాలోని ఒక మెట్టపల్లెవాడు. నాకంటె బలిష్ఠుడు, నాకంటె ధైర్యశాలి. చదువు మాత్రము తక్కువ. ఆతని తల్లికి ఉత్తరములు నేనే వ్రాసి పెట్టెడివాడను. ఆతడు చెప్పునది రెండే మాటలు: "నేను బాగుండాను, నువ్వు బాగుండు." మిగిలిన దంతయు నేను పూరించెడివాడను. ఆ ఉత్తరములను ఊరిలో ఎవరిచేతనో చదివించుకొని, తన కొడుకు ఇంత చక్కగా మాటలాడ నేర్చెనని ఆ తల్లి మురిసిపోయెడిదట. అది తలచుకొని మే మిద్దరమును నవ్వుకొనెడివారము.

1992 శీతకాలమున మమ్ము సియాచిన్ మంచుప్రాంతమునకు పంపిరి. 1984 ఏప్రిల్ 13న 'ఆపరేషన్ మేఘదూత్' ఆరంభమైనది మొదలు మన సైన్యము కాపలా కాయుచున్న ప్రదేశమది. అచ్చట శత్రువు తుపాకికంటె చలియు, హిమపాతములును, పలుచని గాలియు ఎక్కువమందిని బలిగొన్నవి. ఒక్కసారిగా పైకి పోయినచో శరీరము తాళదు గనుక, నడుమ నడుమ కొన్ని దినములు ఆపుచు పైకి తీసికొని పోవుదురు. అయినను కొందరికి ఊపిరితిత్తులలో నీరు చేరును. మొదట పొడిదగ్గు, అలసట. తరువాత కూర్చున్నను ఆయాసము. ఆపైన ఛాతీలో బుడగలు పొంగు చప్పుడు. మన సైనిక వైద్యులే 1,925 మంది సైనికులను పరిశీలించి పర్వతవ్యాధిని గూర్చి 1969లో వ్యాసము ప్రకటించిరి. ఊపిరితిత్తులలో నీరు చేరిన వానికి ప్రాణవాయువు నందించుచు వెంటనే క్రిందికి దింపుట ముఖ్యమైన చికిత్స. ఆలస్యమైనచో కొన్ని గంటలలోనే ప్రాణము పోవచ్చును.

ఈ సంగతి మాకు ముందే చెప్పిరి. ఇద్దరమును వింటిమి.

పైకి చేరిన మూడవ దినమున ఆతనికి దగ్గు పట్టెను. రాత్రి నా చేతిలో చేయి వేయించుకొని ఇట్లనెను: "ఎవరికీ చెప్పొద్దురా. కిందికి పంపితే సెలవు చెడిపోతుంది. చెల్లెలి పెండ్లికి పోకుంటే మా యమ్మకు మొగం చూపించలేను. దగ్గే గదా, తగ్గిపోతాది." నేను సరే యంటిని. మరునాడు ఆతడు బూట్లు కట్టుకొనుటకే మూడుసార్లు ఆగెను. అదియు చూచితిని. రెండవ రాత్రి ఊపిరి చప్పుడు విని భయపడి, తెల్లవారకముందే అధికారితో చెప్పితిని. అప్పటికి మంచుగాలి లేచినది. హెలికాప్టరు రాలేకపోయెను. మధ్యాహ్నమునకు ఆతడు పోయెను. మాట తప్పకపోతినని చెప్పుకొనుటకును నాకు వీలు లేదు. తప్పవలసిన మాటను రెండు దినములు ఆలస్యముగా తప్పితిని.

భర్తృహరి తన నీతిశతకములో మంచి మిత్రుని లక్షణములను చెప్పిన శ్లోకమును చదువరు లెరుగుదురు. మన తెలుగువారికి ఏనుగు లక్ష్మణకవి అనువాదము సుపరిచితము. పాపమునుండి మరలించుట, హితమునందు ప్రవర్తింపజేయుట, రహస్యమును దాచుట, గుణములను వెల్లడించుట, ఆపదలో విడువకుండుట, సమయమున కాదుకొనుట - ఇవి మిత్రధర్మములు. తరగతిలో ఎన్నిమారులు చెప్పియుంటినో! చెప్పినప్పుడెల్ల మూడవ లక్షణము దగ్గర నా గొంతు తడబడెడిది. రహస్యమును దాచితిని గదా, మఱి నేను మిత్రుడను కానా?

చాలకాలమునకు ఆ వరుసయే నాకు సమాధానమైనది. కీడునుండి మరలించుటయు, హితమున నడిపించుటయు ముందు చెప్పబడినవి, రహస్యరక్షణము తరువాతిది. కవి ఛందస్సు కొఱకే అట్లు కూర్చెనని ఎవరైన అనవచ్చును. నే నట్లు తలంపను. మొదటి రెండును ఆ తరువాతి దానికి హద్దులు. మిత్రుని మానమును కాపాడు రహస్యము దాచదగినది. మిత్రుని ప్రాణమును తీయు రహస్యము దాచదగినది కాదు.

ఇచ్చట ఒక ఆక్షేపణ కలదు. "ఆతడు పసివాడు కాడు. ఆతని ప్రాణము ఆతనిది. ఆతని నిర్ణయమును నీవు గౌరవించితివి. అందు దోషమేమి?" అని అడుగవచ్చును. ఈ వాదము నాకును కొన్నియేండ్లు ఆశ్రయ మిచ్చినది. కాని ఆలోచింపగా, ఆతడు చావ నిశ్చయింపలేదు. చెల్లెలి పెండ్లికి పోవ నిశ్చయించెను. నేను దాచిన రహస్యము ఆతని కోరికనే చెఱచినది. మిత్రుడు పలికిన మాట వేరు, ఆ మాటవెనుక ఆతడు కోరిన మేలు వేరు. రెండును ఎదురుపడినప్పుడు మేలు పక్షమున నిలుచువాడే మిత్రుడు. మాట పక్షమున నిలుచుట సులభము. ఏలయన మాట నిలిపినవానిపై ఎవడును కోపగింపడు. నిజము చెప్పవలసిన, ఆనాడు నేను కాపాడుకొన్నది ఆతని రహస్యమును కాదు, నాపై ఆతనికి గల ప్రీతిని.

తరువాత పదవీ విరమణము చేసి, తెలుగు పండిత శిక్షణ పొంది, బడిలో చేరితిని. ప్రతి స్వాతంత్ర్యదినమున పిల్లలకు ఆతని కథ చెప్పెడివాడను. ఆతని బలము, పరిహాసము, ధైర్యము చెప్పి, "మంచులో వీరమరణ మొందెను" అని ముగించెడివాడను. పిల్లలు చప్పట్లు కొట్టెడివారు. ఆతని గుణములు వెల్లడించుచున్నానని తృప్తిపడెడివాడను. కాని ఆతని కీర్తిమాటున నా రహస్యమును దాచుకొనుచుంటిని. స్మరణమను పేరుతో జరుగుచున్న మరపు అది.

2022 ఆగస్టులో పత్రికలో ఒక వార్త చదివితిని. 1984 మే 29న సియాచిన్‌లో హిమపాతమున చిక్కుకొన్న లాన్స్ నాయక్ చంద్రశేఖర్ హర్బోలా భౌతికకాయము 38 సంవత్సరములకు దొరకినది. సైనిక సంఖ్య చెక్కిన లోహపు బిళ్ళవలన ఆయనను గుర్తించిరి. హల్ద్వానీలో సైనిక లాంఛనములతో అంత్యక్రియలు జరిగినవి. ఆ పత్రిక చేతిలో పట్టుకొని చాలసేపు కూర్చుంటిని. మంచు తనయొద్ద నుంచిన దానికి ఏమియు చేర్చలేదు. సంఖ్యను సంఖ్యగానే తిరిగి యిచ్చినది. నేనో, నా మిత్రునికి మెఱుగులు పెట్టి, ఆతని కడపటి రెండు దినములను చెఱిపివేసితిని.

ఆ దసరా సెలవులలో ఆతని పల్లెకు పోతిని. తల్లి జీవించియున్నది. చూపు మందగించినది. ఉత్తరములు వ్రాసినవాడనని చెప్పగా నా చేయి పట్టుకొన్నది. ఉన్నది ఉన్నట్లు చెప్పితిని. ఆమె చాలసేపు మాటలాడలేదు. తరువాత, "ఎన్ని దినాలు దగ్గినాడు నాయనా?" అని అడిగినది. "రెండు దినములమ్మా" అంటిని. "చిన్నప్పుడూ అంతే. జరమొచ్చినా చెప్పేవాడు కాదు. నేనే వొళ్ళు పట్టుకొని చూసేదాన్ని" అన్నది. క్షమించితి ననలేదు, నిందింపనులేదు. భోజనము పెట్టినది. నేను అడుగ వచ్చినది క్షమాపణయే యైనను, నాకు లభించినది వేరొకటి: చెప్పనివానిని ఒడలు ముట్టి తెలిసికొనవలెనను పాఠము. ఆ తల్లికి చేతనైనది నాకు చేతకాలేదు.

పాఠకమహాశయులారా! మొదటి ప్రశ్నకు నాకు తోచిన సమాధాన మిది. గతించినవానికి మన పొగడ్తతో పనిలేదు. ఆతని గూర్చిన సత్యముతో పని, ఇంకను బ్రతికియున్నవారికి కలదు. ఇప్పుడు నేను పిల్లలకు కథ పూర్తిగా చెప్పుచున్నాను. చప్పట్లు వినబడవు. "ఎవరికిని చెప్పకుము" అని మిత్రుడు కోరినప్పుడు, "ఇది దాచిన ఆతని మానము నిలుచునా, ప్రాణము పోవునా?" అని మొదట అడుగుడనియు, సందేహమున్నచో ఆతని కోపమునకు సిద్ధపడి పెద్దలకు చెప్పుడనియు బోధించుచున్నాను. కోపగించిన మిత్రుడు ఒకనాటికి తిరిగి పలుకరించును. ఆ కోపమును పొందు భాగ్యము నాకు లేకపోయెను.