ఆమేన్ చెప్పలేని ప్రార్థన



ఎన్నికలు వచ్చినప్పుడెల్ల మన గ్రామ సంఘములలో "అయ్యగారూ, గుడిలో రాజకీయము వద్దు" అను మాట వినబడును. మంచి మాటయే. అయితే అది ప్రసంగము ద్వారానే లోపలికి వచ్చునని తలంచకుడి. ప్రార్థన ద్వారా కూడ వచ్చును. దీనిని మేము మా తప్పిదము వలన నేర్చుకొంటిమి.

2009 డిసెంబరు మొదటి దినములు. తెలంగాణ రాష్ట్రము కొరకు నిరాహారదీక్ష పూనిన కె. చంద్రశేఖరరావుగారు పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో ఉండిరి. నగరమంతయు ఉడికిపోవుచుండెను. మేము అప్పుడే సెమినరీ ముగించి సంఘసేవలో ప్రవేశించియుంటిమి. మా ఊరి బిడ్డలు కొందరు అమీర్‌పేటలో కంప్యూటరు కోచింగునకు చేరి ఒక గది అద్దెకు తీసికొని యుండగా, వారిని చూడబోతిమి. గుంటూరు జిల్లా కుర్రవాడొకడును ఆ గదిలో ఉండెను. వంట, అద్దె, శనివారపు ప్రార్థన, అన్నియు వారికి ఉమ్మడియే.

మమ్మును ప్రార్థించుమనిరి. రాష్ట్రము రావలెననియు, అడ్డుపడువారిని ప్రభువు సిగ్గుపరచవలెననియు ఆవేశముగా ప్రార్థించితిమి. మా బిడ్డలు గట్టిగా ఆమేన్ అనిరి. ఆ కుర్రవాడు నేలవైపు చూచుచుండెను. తరువాత మాకు అన్నము వడ్డించినది అతడే.

9వ తేదీ రాత్రి కేంద్ర ప్రభుత్వము రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ ఆరంభింతుమనెను; 23న వెనుకకు తగ్గెను. తుదకు 2014 జూన్ 2న రాష్ట్రము వచ్చెను. అతడు మాత్రము ఆ ప్రార్థనకు మరల కూర్చుండలేదని వింటిమి. నేడు అమీర్‌పేట మెట్రో స్టేషనులో రైలు మారునప్పుడెల్ల ఆ ముఖము జ్ఞాపకము వచ్చును.

గ్రహింపలేనివాడు నీ ప్రార్థనకు ఆమేన్ ఎట్లు చెప్పునని పౌలు కొరింథీయుల నడిగెను (మొదటి పత్రిక 14వ అధ్యాయము). అచ్చట సంగతి భాషను గూర్చినది. మా ప్రార్థన ఆ కుర్రవానికి చక్కగా అర్థమాయెను, అదియే కష్టము. పొమ్మనకుండగనే అతనిని వెలుపలికి పంపితిమి.

రాష్ట్రము కోరుట పాపమా? కాదు. నీళ్లు, నిధులు, ఉద్యోగములను గూర్చిన ఆ మొర నిజమైనది. 1969లోను దాని కొరకు యౌవనులు ప్రాణములు పోగొట్టుకొనిరి. ఊరకుండిన చాలునా? అదియు కాదు. పేద సహోదరి భూమిని ఒకడు ఆక్రమించుకొనగా "అది రాజకీయము" అని కాపరి తప్పించుకొనుట పిరికితనము. ఆ దినమున చనిపోయిన విద్యార్థుల తల్లుల కొరకు కన్నీటితో ప్రార్థించియుంటిమేని, గుంటూరు బిడ్డయు ఆమేన్ అనియుండును. మేము ప్రభువును మా పక్షపు జెండా పట్టుకొనుమంటిమి.

సుంకము వసూలుచేసిన మత్తయియు, జెలోతే అనబడిన సీమోనును ప్రభువు పన్నిద్దరిలో ఉండిరి. సుంకము విషయమై వారు ఏకాభిప్రాయమునకు వచ్చిరని సువార్తలు ఎక్కడను చెప్పవు. ఒక బల్లయొద్ద కూర్చుండిరి.

2023 నవంబరు 30న శాసనసభ పోలింగు. దానికి ముందరి ఆదివారమున, వేర్వేరు పార్టీలలో తిరుగు మా సంఘపెద్దలు ఇద్దరిని ఒకరి ఇంటి కొరకు ఒకరు ప్రార్థించుమంటిమి. మొదటివాడు ప్రార్థించెను. రెండవవాడు చాలసేపు మౌనముగా నిలిచి, అవతలివాని మనుమని జ్వరము తగ్గవలెనని ఒక్క మాట చెప్పి కూర్చుండెను. సంఘమంతయు ఆమేన్ అనెను. వారి ఇండ్లమీద జెండాలు పోలింగు దినము వరకు అట్లే యుండెను.